ఉతుకుబండ కింది మట్టి

పొలంలో మందు కొట్టిన బట్టల్ని మిగతా బట్టలతో కలిపి ఉతకకూడదు. కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో అత్తగారు ఆమెకు నేర్పిన మొదటి పాఠం అదే. ఎవరికి ఉప్పు ఎంత పడాలి, ఎవరి ముందు గొంతు ఎంత లేవాలి, అవన్నీ ఆ తర్వాత. పెరటి గోడవారన ఒక ఉతుకుబండ, దాని పక్కన విడిగా ఒక బకెట్టు. ఆమె భర్త పొలం నుంచి వచ్చి చొక్కా, ప్యాంటూ విప్పి ఆ బకెట్టులో పడేసి లోపలికి వెళ్లిపోతాడు. ఎన్నిసార్లు జాడించినా ఆ వాసన ఒక పట్టాన వదలదు. మొక్కజొన్నలో కలుపు చావడానికి కొట్టే మందు అది. పీలిస్తే గొంతులోకి చేదుగా దిగుతుంది. వేళ్ల సందుల్లో చర్మం పగిలి, రాత్రి అన్నం కలుపుకునేటప్పుడు చురుక్కుమనేది. "గ్లౌజులున్నాయిగా, వేసుకోవచ్చుగా" అనేవాడు ఆయన. ఉన్నది ఒక్క జతే. మందు కలిపేటప్పుడు అది ఆయన వేసుకుంటాడు. ఆ గ్లౌజుల్ని కడగాల్సింది కూడా ఆమే, ఉత్త చేతులతో.

ఇంతా చేసి ఆమె చదివింది మట్టి గురించే. మట్టిలో కంటికి కనిపించకుండా బతికే బ్యాక్టీరియా గురించి పెద్ద చదువే చదివింది. పెళ్లిచూపుల్లో మామగారు నలుగురి ముందూ మీసం మీద చెయ్యేసుకుని, "మట్టి చదువు చదివిన పిల్ల రైతింటికి రాక ఇంకెక్కడికి పోతుందండీ" అన్నారు. ఆ మాటకు ఆ రోజు ఆమె పొంగిపోయింది. పెళ్లయిన నెలకే ఆమెకు "సీసాల డాక్టరమ్మ" అని పేరు పెట్టిందీ ఆయనే. "సీసాల డాక్టరమ్మా, కాస్త మంచినీళ్లు" అనేవారు. అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే మొహం ముడుచుకుంది అంటారు. నవ్వితే ఆ పేరు ఖాయమైపోతుంది. రెండిట్లో ఏది నయమో తేల్చుకునేలోపే పేరు ఖాయమైపోయింది.

పట్నంలో వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఉద్యోగం వచ్చినప్పుడు భర్త అడ్డు చెప్పలేదు. "చేసుకో, నాకేం అభ్యంతరం లేదు. ఇంటిపనికి లోటు రాకుండా చూసుకుంటే చాలు" అన్నాడు. ఎంత మంచి మొగుడమ్మా అని చుట్టుపక్కలవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఆ మంచితనానికి లోటు రాకుండా చూసుకోవడం కూడా ఆమె పనుల్లో ఒకటైంది. పొద్దున్నే లేచి వంట, పెరడు, స్కూలుకెళ్లే కూతురి జడలు, ఆ తర్వాత బస్సు. ల్యాబులో పేరుకు పరిశోధన సహాయకురాలు. చేసేది ప్లేట్లలో బ్యాక్టీరియా పెంచడం, సీసాలు కడగడం, పైనుంచి ఎవరైనా వస్తే టీ పెట్టడం. "మీ చేతి టీ వేరమ్మా" అనేవాడు అక్కడి పెద్దసారు, అదేదో బిరుదిచ్చినట్టు. ఆమెకన్నా వెనక చేరిన మగవాళ్ల చేతి టీ ఎలా ఉంటుందో ఆయన ఏనాడూ తాగి చూడలేదు.

మొక్కజొన్న కోతయ్యాక అదే చేలో చిక్కుడు వేయడం ఆ ఇంటి ఆనవాయితీ. ఒక ఏడు చిక్కుడు మొలిచినట్టే మొలిచి, ఆకుల అంచులు పసుపెక్కి, మాడి, నేలకు అంటుకుపోయింది. విత్తనం మంచిది కాదన్నారు. మరుసటేడు విత్తనం మార్చారు. మళ్లీ అదే తంతు. మామగారు అరుగు మీద కూర్చుని ఆకాశాన్ని, విత్తనాల కొట్టువాణ్ని, దిష్టినీ వరసపెట్టి తిట్టారు. ఆమె చేలోకి వెళ్లి ఒక మొక్కను వేళ్లతో సహా పెకలించి చూసింది. ఆకు చూడగానే అర్థమైపోయింది.

"ఇది తెగులు కాదు. మొక్కజొన్నకు కొట్టిన మందు ఇంకా నేలలోనే ఉంది. మొక్కజొన్న దాన్ని తట్టుకుంటుంది, చిక్కుడు తట్టుకోలేదు. ఏడాదికేడాది కొలత పెంచుకుంటూ పోయారు కదా" అంది అన్నాల దగ్గర.

భర్త కంచంలోంచి తలెత్తలేదు. "పాతికేళ్ల నుంచి కొడుతున్నాం. ఇప్పుడొచ్చిందా నీకు జ్ఞానోదయం?"

"అందుకే చెబుతున్నా. పాతికేళ్ల నుంచి కొడుతున్నారు కాబట్టే."

"పప్పులో ఉప్పు తగ్గింది" అన్నారు మామగారు. ఆ సంభాషణ అక్కడితో అయిపోయింది.

అత్తగారు మాత్రం గిన్నెలు సర్దుతున్నప్పుడు కదిపింది. ఆవిడ నడుం కాస్త ముందుకు వంగే ఉంటుంది, నిలబడ్డా ఏదో ఏరుకుంటున్నట్టు. "మందు మాన్పించాలనా అమ్మా నువ్వు చూస్తున్నది?" అంది మెల్లిగా. "మాన్పించకు. ఆ మందు రాకముందు ఈ చేలో కలుపంతా నేనే తీశాను. పొద్దున వంగితే సాయంత్రందాకా వంగుడే. నీ మొగుణ్ని గట్టున పడుకోబెట్టి, ఏడిస్తే పాలిచ్చి, మళ్లీ వంగేదాన్ని. ఇంటికొచ్చాక మీ మామగారు, 'ఏం చేశావు రోజంతా, చల్లగాలికి చేలో కూర్చుని వచ్చావు' అనేవారు. మందొచ్చింది, నా నడుం బతికింది. ఆ మందు విషమైతే కావచ్చు. నాకు మాత్రం దేవుడే."

ఆమె చదివిన పుస్తకాల్లో ఈ లెక్క ఎక్కడా లేదు. మందు మానమంటే ఎవరి నడుము వంగుతుందో ఆ పుస్తకాలు రాసినవాళ్లకు తట్టి ఉండదు. ఆ పూటంతా ఆవిడ మాటలే చెవిలో గింగురుమన్నాయి. మానకుండా ఏదైనా చేయొచ్చా అని ఆలోచించింది. విషం తిని బతికే బ్యాక్టీరియా ఉంటుంది. ఏళ్ల తరబడి ఒకే మందు పడుతున్న నేలలో, వేరే తిండి కరువై, ఆ మందునే విరిచి తినడం నేర్చుకుంటుంది. అలాంటి మట్టి దొరకాలి. ఎక్కడ మందు రోజూ పడుతుందో అక్కడ.

పెరట్లో బట్టలు పిండుతుంటే తట్టింది. మురికినీళ్లు బండ మీంచి జారి ఆ నేలలోకే ఇంకుతున్నాయి. ముందు అత్తగారు, తర్వాత తను, ఎన్నో ఏళ్లుగా మందు బట్టలు ఉతికిన నీళ్లన్నీ అక్కడికే పోయాయి. ఆమె బండ కింద వేలితో గీరి గుప్పెడు నల్లటి మట్టి తీసి ఒక సీసాలో వేసుకుంది.

"మట్టి కూడా మోసుకెళ్తున్నావా ఆఫీసుకి?" అన్నాడు ఆయన, బూట్లు తొడుక్కుంటూ. "మన దగ్గర ఇంకేం మిగల్లేదనా?"

ల్యాబులో తన పనులన్నీ అయ్యాక మిగిలిన సమయంలో ఆ మట్టితో కూర్చునేది. మందు తప్ప వేరే తిండి లేని ప్లేట్ల మీద అందులోని బ్యాక్టీరియాని పెంచింది. చాలా వరకు చచ్చాయి. ఒక ప్లేటు మీద మాత్రం చిన్నచిన్న పాలపొక్కుల్లాంటి చుక్కలు లేచాయి. చుట్టూ తెల్లగా మసకేసి ఉన్న మందు, ఆ చుక్కల చుట్టూ మాత్రం కరిగి స్వచ్ఛమైపోయింది. ఆమె ఆ ప్లేటును కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు నిలబడింది. పక్క గదిలోంచి పెద్దసారు గొంతు వినిపించింది, "అమ్మా, నలుగురొచ్చారు, కాస్త టీ..." ప్లేటు దించి, చేతులు కడుక్కుని, టీ పెట్టడానికి వెళ్లింది.

తర్వాత నెలల్లో ఆ బ్యాక్టీరియా గుణం ఆమెకు తెలిసివచ్చింది. మందును విరవడమే కాదు, మొక్క వేళ్లను పట్టుకుని ఉండి నేలలో గడ్డకట్టిన పోషకాల్ని కరిగించి వాటికి అందిస్తాయి. ఇంకొకటి కూడా తెలిసింది. వాటికి సుఖమైన తిండి పెట్టి పెంచితే, కొన్నాళ్లకు విషం తినే విద్య మరిచిపోతాయి. గుర్తుండాలంటే ఎప్పుడూ కాస్త విషం పోస్తూ ఉండాలి. ఈ సంగతి చెబితే అత్తగారు పకపకా నవ్వింది. ఆవిడ అలా నవ్వడం ఆమె అంతకుముందెప్పుడూ చూడలేదు. నవ్వి నవ్వి, చీర చెంగుతో కళ్లు తుడుచుకుని, "మరిచిపోతే పోనీవే. మరిచిపోయిన వాటిదే అదృష్టం" అంది.

పెద్దసారుకి చూపించినప్పుడు ఆయన కళ్లజోడు సవరించుకుని, "బాగుందే" అన్నాడు. ఆ తర్వాత, "మన కేంద్రం చేసిన పని అని పైకి చెబుదాం. పొలంలో వేసి చూపించాలి. మీ ఆయన రైతేగా, ఆయన్నే అడుగు" అన్నాడు. ఆమె పని ఆ నాలుగు మాటల్లోనే కేంద్రానికీ, భర్తకీ పంచేసినట్టయింది. తనకు మిగిలింది అడగడం.

అడిగింది. వారం రోజులు అడిగింది. చివరికి చేను పల్లంలో, మందు నీరంతా వచ్చి చేరే ఒక మూల ఇచ్చారు. "ఎలాగూ ఏమీ రావడం లేదు, ఆడుకోనీయరా" అన్నారు మామగారు. పెరట్లో ఒక నీలం డ్రమ్ములో ఆమె ఆ బ్యాక్టీరియా కల్చర్ పెంచింది. మాగిన పేడ ఎరువులో కలిపి, తట్టలకెత్తి మూలకు మోయాలి. ఆదివారం కదా అని భర్తను సాయం అడిగితే, "ఆదివారమైనా కాస్త నడుం వాల్చనీయవా" అన్నాడు. అత్తగారే వచ్చింది. వద్దన్నా వినకుండా రెండో తట్ట నెత్తినెత్తుకుంది. ఇద్దరూ ఆ మూలంతా చల్లి, చిక్కుడు గింజలు పెట్టి, గట్టు మీద కూర్చున్నారు. "దేవుడన్నాను కదా ఆ మందుని" అంది అత్తగారు, చేతుల మట్టి దులుపుకుంటూ. "దేవుడు పోసిన విషం తాగే దేవుడు ఇంకొకడు ఉంటాడన్నమాట."

ఆ ఏడు మిగతా చేనంతా మాడిపోయింది. మూల ఒక్కటీ పచ్చగా నిలిచింది.

అంతే, ఊరు ఊరంతా వచ్చింది. పెద్దసారు కారేసుకుని, ఫొటోలు తీసేవాణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు. షామియానా వేశారు. ఆమె భర్త ఉతికిన చొక్కా తొడుక్కుని గట్టు మీద నిలబడి, అన్నీ తెలిసినవాడిలా, "ఈ బ్యాక్టీరియా ఏం చేస్తుందంటే..." అని మొదలుపెట్టాడు. మాటలన్నీ ఆమెవే. రాత్రిళ్లు పక్కమీద ఆమె చెప్పగా సగం నిద్రలో విన్న మాటలు. ఆమె షామియానా వెనక గ్లాసుల్లో మజ్జిగ పోస్తోంది. వచ్చినవాళ్లలో ఒకావిడ ఆమెకేసి చూసి, మర్యాదకి, "ఆవిడేం చేస్తుంటారు?" అని అడిగింది. "మా ఆవిడా? ఇంట్లోనే. ల్యాబులో కూడా ఏదో చిన్న పని చేస్తుంది" అన్నాడు ఆయన. అబద్ధం చెప్పాలని కాదు. ఆయనకు తెలిసినంతే చెప్పాడు. అదే ఆమెను ఎక్కువ నొప్పించింది.

పక్క పొలం రైతు గడ్డం గోక్కుంటూ అడిగాడు, "అయితే ఇక మందు కొలత చూసుకోనక్కర్లేదన్నమాట. ఎంత కొట్టినా ఇవి తినేస్తాయిగా?"

ఆయన భుజాలు ఎగరేసి నవ్వాడు. "మా ఇంట్లో అంతేనండీ. మనం ఎంత పారబోసినా ఫర్వాలేదు. వెనకాల ఎత్తిపోసేవాళ్లు ఉన్నారుగా!"

షామియానా అంతా ఒక్కసారి గొల్లుమంది. పెద్దసారు కూడా నవ్వాడు. ఆమె చేతిలోని జగ్గు తొణికి మజ్జిగ నేల మీద పడింది. ఎవరూ గమనించకముందే వంగి, గుడ్డ తీసుకుని తుడిచేసింది. తుడిచాక, తను చేసిన పనేమిటో తనకే అర్థమై, ఆ గుడ్డ పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రం కూతురు పుస్తకాల సంచి విప్పుతూ, "అమ్మా, విషం తినే పురుగుల్ని నాన్న కనిపెట్టాడటగా! మా టీచర్ క్లాసులో అందరి చేతా చప్పట్లు కొట్టించింది" అంది. పిల్ల మొహం వెలిగిపోతోంది. ఆమె నోరు తెరిచింది. వెలుగుతున్న ఆ మొహాన్ని ఆర్పే మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "పాలు తాగు" అంది.

మళ్లీ మొక్కజొన్న వేశారు. ఒక పొద్దున ఆమె బస్సుకని బయల్దేరుతుంటే పెరట్లో ఆయన మందు కలుపుతున్నాడు. డబ్బా వెంట డబ్బా ఖాళీ అవుతోంది.

"అంత ఎందుకు?"

"గడ్డి మొండిగా ఉంది. ఈసారి ఒక్క పరక లేవకూడదు."

"అంత పోస్తే అవి తట్టుకోలేవు. వాటికీ ఒక మోతాదు ఉంటుంది. అది దాటితే అవే చస్తాయి."

"చస్తే ఇంకో డ్రమ్ము చెయ్యి. దానికేముంది? పెంచడం నీకు అలవాటేగా" అన్నాడు, కర్రతో తిప్పుతూ. కోపంగా కూడా అనలేదు. అన్నం చాలకపోతే ఇంకాస్త వండు అన్నట్టు అన్నాడు.

ఆ కాలం పొడుగునా ఆమె చేయగలిగిందంతా చేసింది. డ్రమ్ము తర్వాత డ్రమ్ము పెంచింది. సెలవు రోజుల్లో తట్టలు మోసింది. పొలమంతా వేయాలన్నారు, పొలమంతా వేసింది. పక్క పొలాలకూ ఇస్తానని ఆయన ముందే మాటిచ్చేశాడు. అవీ ఆమే చేయాలి. అత్తగారు రెండు రోజులు తట్టలు మోసి, మూడోరోజు మంచం మీద నుంచి లేవలేకపోయింది. డాక్టరు ఎముకలు అరిగిపోయాయన్నాడు. "వయసు" అన్నారు మామగారు, పేపరు తిరగేస్తూ.

చిక్కుడు మొలిచింది. కొన్నాళ్లు పచ్చగానే ఉంది. తర్వాత ఒక వైపునుంచి ఆకుల అంచులు పసుపు తిరగడం మొదలైంది. పోయినేడు పచ్చగా ఫొటోలు దిగిన మూలతో సహా అంతా మాడింది. ఆమె ఆ మట్టి తెచ్చి ప్లేటు మీద వేసి చూసింది. ఒక్క చుక్క కూడా లేవలేదు.

పెద్దసారుకి చెబితే, "ఈ సంగతి ఇప్పుడు బయటికి వద్దమ్మా. పోయినేడు ఫొటోలు ఉన్నాయిగా, రిపోర్టుకి అవి చాలు" అన్నాడు. ఆమె కదలకుండా నిలబడింది. "పోయినేడివి పెడితే ఈ ఏటివి కూడా పెట్టాలి సార్. లేకపోతే అందులో నా పేరు వద్దు" అంది. ఆయన కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "అసలు ఉందని ఎవరు చెప్పారమ్మా, నీ పేరు?" అన్నాడు, జాలిగానే.

ఆదివారం పొద్దున డ్రమ్ములు కావాలన్న రైతులు నలుగురూ చేను గట్టు మీద చేరారు. మాడిన చిక్కుడు చూసి ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఆమె భర్త ఏమాత్రం తగ్గలేదు. "ఈసారి కాస్త నీరసం పురుగులు వచ్చాయి. గట్టివి చేయిస్తున్నా. కొలత ఎంతైనా తట్టుకునేవి" అన్నాడు. మామగారు వెనక్కి తిరిగి, "ఏం, సీసాల డాక్టరమ్మా, చేసిపెడతావుగా?" అని పిలిచారు.

ఆమె అత్తగారిని చెయ్యి పట్టుకుని గట్టుదాకా నడిపించుకుని వచ్చింది. చాలా రోజుల తర్వాత మంచం దిగి చేను చూస్తానంది ఆవిడ.

"చేయను" అంది ఆమె.

"అలిగింది" అన్నాడు ఆయన, నవ్వుతూ రైతుల వైపు తిరిగి.

"అలగలేదు. మందు కొట్టడం ఆపిన చేనుకైతే ఇస్తాను. నేలలో ఉన్నది అవి తింటాయి. కొత్తగా మళ్లీ పోసే చేనుకు మాత్రం ఒక్క చుక్క కూడా ఇవ్వను."

పక్క పొలం రైతు అయోమయంగా, "మందు ఆపితే మరి కలుపో? కలుపెవరు తీస్తారమ్మా?" అన్నాడు.

అక్కడున్న మగవాళ్లందరి చూపూ, ఎవరూ చెప్పకుండానే, ఆమె మీదికీ, ఆమె చెయ్యి పట్టుకుని వంగి నిలబడ్డ అత్తగారి మీదికీ వచ్చి వాలింది. అత్తగారు ఆ చూపుల్ని చూసింది. ఒక చేత్తో నడుం పట్టుకుని, మెల్లిగా గట్టు మీద కూలబడింది.

"నన్ను చూడకండి" అంది ఆవిడ. "నా వంతు అయిపోయింది. మా కోడలి వంతు ఎప్పుడూ లేదు."

ఆయన మొహం కందిపోయింది. "ఏంటమ్మా నువ్వు కూడా?" అన్నాడు. మామగారు కండువా దులుపుకుని ఇంటిదారి పట్టారు. రైతులు ఒక్కొక్కరే, పనుందంటూ జారుకున్నారు. మందు ఆపుతామన్నవాడు వాళ్లలో ఒక్కడూ లేడు.

ఆ తర్వాత ఇంట్లో నెలల తరబడి మాటల్లేవు. ఆయన పక్క వేరే గదిలోకి మార్చుకున్నాడు. వీధిలో ఆడవాళ్లు కూడా, "అంత గొప్ప మొగుడితో నీకేం కష్టమొచ్చిందే" అన్నారు. ల్యాబులో పెద్దసారు ఆమెకు ఇచ్చే పనులన్నీ తీసేసి, సీసాలు కడగడం ఒక్కటే ఉంచాడు. రిపోర్టు పోయినేటి ఫొటోలతో వెళ్లిపోయింది. ఆమె గెలిచిందని చెప్పడానికి ఏమీ లేదు. కూతురితో మాత్రం ఒకరోజు జడలు వేస్తూ జరిగిందంతా చెప్పింది. "మరి టీచరుకి ఎవరు చెప్పాలి?" అంది పిల్ల, భయంగా. "చెప్పాలనిపిస్తే నువ్వు చెప్పు. లేకపోతే లేదు" అంది ఆమె.

పల్లపు మూల ఎందుకూ పనికిరాదని ఆయన దుక్కి కూడా దున్నించలేదు. "ఆ మూలలో ఇక మందు కొట్టకండి. నాకు వదిలేయండి" అంది ఆమె. ఆయన విననట్టే వెళ్లిపోయాడు. వద్దని మాత్రం అనలేదు. మిగిలిన కల్చర్‌ని ఎరువులో కలిపి, ఒక్కతే మోసుకెళ్లి అక్కడ చల్లింది. గింజలేమీ పెట్టలేదు.

వానలకు అక్కడ కలుపు లేచింది. మోకాలెత్తు లేచింది, తర్వాత నడుమెత్తు. తీగలల్లుకుని, ముళ్లు పెరిగి, పిచ్చిపూలు పూసింది. చుట్టూ శుభ్రంగా మందు కొట్టి బోసిగా ఉన్న చేల మధ్య ఆ మూల రోతగా కనిపించేది. ఆమె బస్సు దిగి రోజూ ఆ గట్టు మీదుగానే ఇంటికి నడిచేది. చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో కలుపు. ఒక్క మొక్క కూడా పీకలేదు.

దారిన పోయే ఒక పెద్దమనిషి ఆగి, గొడుగు మూసి, ఆ మూలకేసి చూసి పెదవి విరిచాడు. "ఎవరిదమ్మా ఈ చేను? ఇలా పాడుపెట్టారు, మనిషన్నవాడు లేడా?"

"నాదండీ" అంది ఆమె.